ఆకుపచ్చ గడి

దేవరకొండ దవాఖానల
నా టేబులు సొరుగులో ఒక రిజిస్టరుంది.
జరిగినవి రాసే పుస్తకాలు మాకు చానా ఉన్నయి,
కాన్పులు, చావులు, పాముకాట్లు, పోయిన దుప్పట్లు.
ఇది మాత్రం
ఇంకా జరగనివి రాసేది.

హైదరాబాదు నుంచొచ్చిన పిల్లగాడు,
ఇస్త్రీ చొక్కా, మెడల తాడు, తాడుకు ఫోటో,
గోడకు గళ్ళ పటం అంటించి పోయిండు.
వచ్చే అవకాశమెంత, ఒకటి నుంచి ఐదు.
వస్తే నష్టమెంత, ఒకటి నుంచి ఐదు.
గుణించు సిస్టర్, అన్నడు.
పదిహేను దాటితే ఎరుపు.
ఐదు దాకా ఆకుపచ్చ, దానికి తొందర లేదు.

ముప్పై ఏండ్లకు మళ్ళ ఎక్కాలు చదివిన.
డయాలసిస్ నీళ్ళ ఫిల్టరు: మూడైదుల పదిహేను.
ఈ నేల నీళ్ళ సంగతి నాకొకరు చెప్పాల్నా,
మర్రిగూడ మా మేనత్త
నడుము వంగి ఆఖరిదాక తన పాదాలే చూసుకుంట నడిచింది.
జనరేటరు డీజిలు: నాలుగు నాలుగుల పదహారు.
స్టోరు తాళంచెవి బాలనర్సయ్య జేబుల,
ఆయన ఏ ఊరి పెండ్లిల ఉంటడో రాయనీకె గడి లేదు.
ఏడో మంచం మీది ఫ్యాను:
ఆగనే ఆగింది గనుక ఐదు,
ఉక్కపోతే గద, ఒకటి.
ఐదొకట్ల ఐదు.
ఆకుపచ్చ.

మే నెల. రాత్రి పదకొండున్నర.
ఏడో మంచంల యాదమ్మ, నిన్ననే కడుపు కోసినం, చెమటకు తడిసి ముద్దయింది.
పన్నెండో మంచంల ఇంకో యాదమ్మ, రక్తం లేక
ఫ్యాను గాలికి గజగజ వణుకుతున్నది.
ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకున్నరు.
నువ్విటు రా అక్కా, నేనటు పోత.
అంతే. ఎవ్వల్నీ అడగలే. ఎందుకడగాలె?

నల్లగొండ నుంచి ఐసు డబ్బాల రక్తమొచ్చింది.
సంచి మీద: యాదమ్మ, మంచం పన్నెండు, బి పాజిటివ్.
నర్సు ఫిర్దోస్, కొలువుల చేరి మూడో వారం,
నలభై ఆరు మందికి ఒక్కతే.
యాదమ్మేనా? అని అడిగింది.
ఔ బిడ్డా, యాదమ్మనే.
అబద్ధం ఎవ్వలూ చెప్పలేదు.

సూది ఎక్కింది. వేలు బిగింపు మీదికి పోయింది.
ఫినాయిలు బకెట్ దించి
ఆయమ్మ బక్కమ్మ తుడుపుకట్ట మీద ఒరిగి అన్నది:
గామెకు రక్తమెందుకే? గామెది కడుపుకోత.
రక్తం లేనామె గా మూలకుంది,
గోళ్ళు సూడు, సున్నం లెక్క.
బక్కమ్మకు చదువు రాదు.
అట్ట మీద ఓ పాజిటివ్ అని రాసున్నది
తర్వాత చూసింది మేము, చదువుకున్నోళ్ళం.

పొద్దుగాల రిజిస్టరు తెరిచిన.
ఏ గడిల రాయాలె?
పటంల ఫ్యానుకూ నెత్తురుకూ నడుమ నాలుగు గీతలున్నయి,
వార్డుల ఒక్కటీ లేదు.
ఆగిన ఫ్యాను నుంచి మంచానికి,
మంచం నుంచి పేరుకు, పేరు నుంచి సూదికి
చీమ నడిచినంత నెమ్మదిగ నడిచొచ్చింది అది.
ఉక్కను, ఒకరి మీద ఒకరికి కలిగిన జాలిని
దేంతోటి గుణించాలె?

ఉన్న రక్షణ ఏమిటి, అని ఒక గడి.
బక్కమ్మ, అని రాసిన.
సూపరింటెండెంటు సారు కొట్టేసిండు.
మనుషుల పేర్లొద్దు సిస్టర్, పద్ధతి రాయాలె.
నిజమే. రాసిన.
చేతికి పట్టీ. ఇంటిపేరు, ఊరిపేరు అడగాలె.
సంచిని ఇద్దరు చూడాలె, గొంతెత్తి చదవాలె.
ఫిర్దోస్ ఇప్పుడు ఊరు అడగంది నీళ్ళు కూడ ఇస్తలేదు.
పదకొండు రోజులకు ఫ్యాను తిరిగింది, కిర్రుమనుకుంట.

నిన్న కొత్త పేజీ తిప్పి ఇంకొకటి ఎక్కించిన.
ఆయమ్మల జీతాలు ఐదు నెలల సంది రాలేదు.
కొండమల్లేపల్లి పత్తి మిల్లుల కూలి ఇస్తరట, వారం వారం.
ఒకామె మానేయొచ్చు.
ఐదైదుల ఇరవై ఐదు.
ఎర్ర పెన్ను దొరకలే.
నీలిరంగుతోనే రాసి
కింద రెండు గీతలు కొట్టిన.